ఖంగు

బేసిన్ బ్రిడ్జి యార్డులో తెల్లారుజామున మూడున్నర.
ఎనిమిదో లైన్లో బండి.
ఇరవై రెండు పెట్టెలు, పెట్టెకి ఎనిమిది,
నూట డెబ్భై ఆరు చక్రాలు.

చెంగల్రాయుడు సుత్తి పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకుని
ఒక్కోదాన్నీ తడతాడు.
మంచి చక్రం ఖంగుమంటుంది,
పగిలింది బొద్దుమంటుంది.
"కుండ కొనేటప్పుడు మీయమ్మ చేసేదే మా ఇది,
ఇనుముతో."

మూడు నెలలు ఆయన వెనకాల నడిచాను
మైకు పట్టుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని.
ఆయన తల అడ్డంగా ఊపితే ఒకటి,
నిలువుగా ఊపితే సున్నా.
పదకొండు వేల దెబ్బలు.
మధ్యలో తుమ్మాడు, బీడీ ముట్టించాడు,
ఎవరినో అరవంలో తిట్టాడు.
అవన్నీ కోసి పారేశాం
(ఒక తిట్టు మాత్రం దాచుకున్నాను, బాగుందని).

తరమణిలో, గాజుగోడల ఆఫీసులో
ఆయన చెవిని వేలిగోరంత చిప్పులో కూర్చాం.
ల్యాబులో చీల్చిన చక్రాలు తట్టి మరికొంత నేర్పాం,
గబ్బిలాలు మాట్లాడుకునే మెట్టుదాకా సాగదీశాం.

మొదట తొడిగింది ఆయనకే,
చెవి వెనక ఎముకకు ఆనేట్టు.
ముప్పై ఎనిమిదేళ్ల సుత్తి ఆయన చెవుల్ని సగం తినేసిందనీ,
మిగతా సగం మణికట్టుతో వింటున్నాడనీ
డాక్టరు నాతో చెప్పింది,
ఆయనతో చెప్పొద్దంది.

పెట్టుకోగానే ఆగిపోయాడు.
"ఏందిది, గుయ్యిమంటా ఉండాది?"
పైన కరెంటు తీగ, అన్నాను.
"ఆ టిక్కుటిక్కు?"
పట్టాలు. చలికి ముడుచుకుంటున్నాయి.
"ఇన్నాళ్లూ ఇంత వాగుతా ఉండాయా ఇవి, నా పక్కనే!"

పన్నెండో పెట్టె, ఎడమవైపు మూడోది.
ఖంగుమంది.
నేనూ విన్నాను, వట్టి చెవితో,
కొత్త కంచు చెంబులా నిండుగా.
ఆయన తల నిలువుగా ఊపబోయి సగంలో ఆపాడు.
మళ్లీ తట్టాడు. మళ్లీ.
ఖంగు కింద ఏదో సన్నగా, వెంట్రుక కాలినట్టు.

పొద్దున అల్ట్రాసౌండ్ వాళ్లు వచ్చి చూశారు.
అంచు లోపల బియ్యపుగింజంత చీలిక.

మేం చప్పట్లు కొట్టాం.
మా బాసు ఫోన్లోనే బిర్యానీ ప్రకటించాడు.
చెంగల్రాయుడు ఇసక డబ్బా మీద కూచుండిపోయాడు.
ఖంగుమన్నది చక్రం,
ఖంగు తిన్నది ఆయన.

టీ మీద మీగడ కట్టాక అడిగాడు:
"ఇట్టాంటివి మునుపు కూడా నాకు ఖంగుమనే ఉంటాయి గదా?"

చెవికి హద్దుంటుందనీ, అది తప్పు కాదనీ
నేనేదో అన్నాను.
ఆయన వేళ్లు మడుస్తున్నాడు.
రాత్రికి ఎన్ని బండ్లు, ఏడాదికి ఎన్ని,
పై బెర్తుల్లో నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్లు ఎందరు.
వేళ్లు చాలక కణుపులకు దిగాడు.

"ఇది వెనక్కి వింటాదా మా?"

మా ఫారాల్లో ఆ గడి లేదు.

కానీ ఆ రాత్రి తరమణిలో ఒక్కదాన్నే కూచుని
పదకొండు వేల దెబ్బలూ దానికి మళ్లీ వినిపించాను.
తెల్లారేసరికి ఒక అంకె వచ్చింది.
రెండంకెలది కాదు.
సున్నా కూడా కాదు.
చక్రాల నంబర్లు వెంటనే రైల్వేకి పంపాను.
మూడు నెలలకే ఇంత. మిగతా ముప్పై ఏడేళ్ల తొమ్మిది నెలలు
ఎవరి మైకులోనూ లేవు.

మర్నాడు మళ్లీ మూడున్నర.
ఆయన సుత్తికి ట్యూబు చుట్టుకుంటూ
నా మొహంకేసి చూడకుండా అడిగాడు:
"ఏమైంది? వింటాదా?"

తల అడ్డంగా ఊపాను.

ట్యూబు చుట్టే చెయ్యి ఆగింది.
మా ఇద్దరి పుస్తకంలో
దానర్థం ఒకటి.